విషానికి నోరు అక్కర్లేదు, చర్మం చాలు

పురుగుమందు కొట్టి వచ్చిన కూలీ సాయంత్రానికి వాంతులు చేసుకుని పడిపోతే మన వూళ్ళల్లో వినిపించే మాటలు మూడు. ఎండదెబ్బ తగిలింది, గాలికి ఎదురు కొట్టాడు, లేదంటే ఖాళీ కడుపున సారా తాగాడు. ఆసుపత్రికి తీసుకుపోయాక ప్రాణం పోతే నాలుగో మాట కూడా పుడుతుంది: "మందు తాగాడేమో!" ఈ నాలుగు మాటల్లో ఎక్కడా చర్మం పేరు రాదు. ఎక్కువ విషం లోపలికి పోయిన దారి మాత్రం అదే.

విషమంటే నోట్లో పోసుకునేది అని మన జనం మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఎండ్రిన్‌ను నిషేధించి ముప్పై ఏళ్ళు దాటినా, "ఎండ్రిన్ తాగాడు" అనే మాట ఇంకా పల్లెల్లో బతికే వుంది. మన చట్టం పుట్టుక కూడా నోటి విషంతోనే ముడిపడి వుంది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ జరిగింది, ఆ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. తిండిలో విషం కలిస్తే దేశమంతా ఉలిక్కిపడింది. రోజూ కొంచెం కొంచెంగా కూలీ వీపు మీదా, తొడల మీదా, చేతుల మీదా పడి లోపలికి ఇంకే విషం గురించి ఉలిక్కిపడ్డవాళ్ళు లేరు. ఆ వీపు ఎవరిదో చూస్తే కారణం తెలుస్తుంది.

తోలు గోడ కాదు, జల్లెడ

మనిషి ఒంటి మీద చర్మం పరిస్తే రమారమి రెండు చదరపు మీటర్లు వుంటుంది. ఒక మనిషి పడుకునే చాపంత అనుకోండి. దాని పైపొరలో చచ్చిన కణాలు ఇటుకల్లాగా పేర్చి వుంటాయి. ఆ ఇటుకల మధ్య సున్నం లాగా కొవ్వు పదార్థం వుంటుంది. ఈ పొర మందం చాలా చోట్ల మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకే. మామూలు కాగితం మందంలో అయిదో వంతుకు మించదు. బయట విషానికీ లోపలి నెత్తురుకూ మధ్య అసలైన అడ్డు ఇదే.

ఈ అడ్డు నీళ్ళను బాగానే ఆపుతుంది. అందుకే వానలో తడిసినా మనం నాని ఉబ్బిపోం. కానీ కొవ్వులో కరిగే పదార్థం వచ్చి పడితే ఇటుకల మధ్య వున్న కొవ్వునే దారి చేసుకుని లోపలికి జారిపోతుంది. పురుగు చావాలంటే మందు పురుగు మీది మైనపు పొరను దాటుకుని పోవాలి. అలా దాటిపోయే గుణం వున్న మందులు మన తోలు దగ్గర ఆగి మర్యాద చేస్తాయా? పైగా డబ్బా మీద "ఇ.సి." అని వుండే మందుల్లో అసలు విషంతో పాటు దాన్ని కరిగించే నూనె ద్రావకాలు కూడా వుంటాయి. అవి చర్మం మీది కొవ్వును కూడా కరిగించి దారి ఇంకా వెడల్పు చేస్తాయి.

ఇందులో నమ్మలేనిదేమీ లేదు. సిగరెట్టు మానాలనుకునే వాళ్ళకు డాక్టర్లు నికోటిన్ పట్టీ యిస్తారు. జబ్బకు అంటించుకుంటే చాలు, మందు తోలు గుండా నెత్తురులోకి పోతుంది. చర్మం గుండా మందు పోతుందని తెలిసి పట్టీలు అమ్ముతున్న లోకంలో, చర్మం గుండా విషం పోతుందని కూలీకి చెప్పే నాథుడు లేడు.

ఒంట్లో ఎక్కడ పడితే ఎంత

1962లోనే అమెరికా శాస్త్రవేత్తలు డర్హామ్, వుల్ఫ్ అనే వాళ్ళు మందు కొట్టే పనివాళ్ళ ఒంటి మీద పట్టీలు అంటించి, ఎంత మందు పడుతున్నదో కొలిచే పద్ధతిని వివరంగా రాశారు. ఇలాంటి కొలతల్లో మళ్ళీ మళ్ళీ తేలింది ఒకటే: ముక్కు గుండా పోయేదానికన్నా ఒంటి మీద పడేది ఎన్నో రెట్లు ఎక్కువ. పడిందంతా లోపలికి పోదు, నిజమే. ఎంత పోతుందనేది ఎక్కడ పడిందనే దాన్ని బట్టి వుంటుంది.

ఆ లెక్క 1971లో మైబాక్, ఆయన తోటివాళ్ళు తీశారు. పారాథియాన్ మందును మనుషుల ఒంటి మీద వేరువేరు చోట్ల రాసి, లోపలికి ఎంత పోయిందో చూశారు. ముంజేతి మీద రాస్తే నూటికి 9 వంతులు లోపలికి పోయింది. అరచేతిలో 12. పొట్ట మీద 18. చేతి వెనక వైపు 21. తలమీద 32. నుదుటి మీద 36. చంకలో 64. మగవాళ్ళ వృషణాల తోలు మీద రాస్తే దాదాపు మొత్తం పోయింది.

ఈ అంకెలు చదివి మన పొలం వైపు ఒకసారి చూడండి. మందు కొట్టే కూలీ ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటాడు. అది ముక్కును కొంత కాస్తుందేమో గానీ తడిసిందంటే మందు పట్టిన గుడ్డను బుగ్గలకు కట్టుకున్నట్టే. వీపు మీద 16 లీటర్ల ట్యాంకు. మూత దగ్గరో వాచరు దగ్గరో కారుతుంది. కారిన మందు వెన్ను మీదుగా నడుముకూ, అక్కడినుంచి లాగులోకీ దిగుతుంది. నడుము ఎత్తు పత్తిలో, మిరపలో నడిచేవాడి తొడలకు తడిసిన ఆకులు రాసుకుంటాయి. చెమట పట్టిన నుదురును మందు చేత్తోనే తుడుచుకుంటాడు. తోలు ఎక్కడ ఎక్కువ పీలుస్తుందో సరిగ్గా అక్కడికే మందు చేరేటట్టు పని వుంది.

దీనికి తోడు ఎండ. వేడికి చర్మంలో నెత్తురు పారుదల పెరుగుతుంది, చెమటకు పైపొర నానుతుంది. తడిగా, వేడిగా వున్న తోలు పొడి తోలుకన్నా ఎక్కువ పీలుస్తుంది. గీసుకున్న చోట, పుండు వున్న చోట, ఒరుసుకున్న చోట అసలు అడ్డే లేదు. కూలీ చేతికి గీత లేని రోజు ఏది? ఇక మందుకు తడిసిన చొక్కా సాయంత్రం దాకా ఒంటికి అతుక్కుని వుంటే, అది చొక్కా కాదు, ఒళ్ళంతా వేసిన మందు పట్టు.

పంపు మొయ్యని వాళ్ళ సంగతి

మందు ప్రమాదమంటే పంపు మోసే మగవాడొక్కడే కళ్ళముందు కనపడతాడు. ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. డబ్బా మూత తీసి, చిక్కటి మందు కొలిచి, డ్రమ్ములో కలిపి, కర్ర దొరక్కపోతే చేత్తో తిప్పి, బిందెతో పంపుల్లో పోసేది చాలా చోట్ల ఆడవాళ్ళే. కొట్టేవాడి మీద పడేది నీళ్ళు కలిసిన మందు. కలిపే ఆమె చేతి మీద పడేది నీళ్ళు కలవని మందు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పత్తి పండించే మూడు గ్రామాల్లో 50 మంది ఆడ రైతులనూ వాళ్ళ యిళ్ళల్లోని మగవాళ్ళనూ ఒక పంటకాలం పాటు పరిశీలించి 2005లో ఒక అధ్యయనం అచ్చువేశారు. వాళ్ళు నమోదు చేసిన 323 సందర్భాల్లో నూటికి 83 పైన ఏదో ఒక స్థాయి విషలక్షణాలు కనిపించాయి. మందు కలిపి పంపులు నింపే పని కూడా మందు కొట్టటమంత ప్రమాదకరమని అందులో తేలింది. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళలో పెద్ద రైతుల కంటే పేద, సన్నకారు రైతులే ఎక్కువ. లక్షణాలు బాగా ముదిరినప్పుడు కూడా డాక్టరు దగ్గరికి పోయినవాళ్ళు లేరు. ఎందుకు పోతారు? పోతే ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు మీద పడుతుంది.

ఇక మందు కొట్టిన మర్నాడో ఆ మర్నాడో చేలోకి దిగే వాళ్ళున్నారు. 2021–22లో మిరపకు నల్ల తామర పురుగు పట్టినప్పుడు గుంటూరు, ఖమ్మం వైపు రైతులు మందు మీద మందు కొట్టారు. ఆ చేలల్లో కలుపు తీసిందీ, కాయ కోసిందీ ఆడకూలీలే. ఆకు మీద ఆరిన మందు కళ్ళకు కనపడదు. చేతికి అంటుతుంది, చెమటకు మళ్ళీ కరుగుతుంది. "మిరపకాయ ఘాటు, అంతే" అంటారు మేస్త్రీలు. ఘాటుకు చేతులు మండుతాయి, నిజమే. కళ్ళు మసకబారటం, కండరాలు అదరటం ఘాటు వల్ల రావు.

పొగాకు చేలల్లో అసలు మందు కొట్టకపోయినా విషం తప్పదు. మంచుకు తడిసిన పచ్చి ఆకు కోసి చంకన పెట్టుకుని మోస్తే, ఆ తడిలో కరిగిన నికోటిన్ తోలు గుండా ఎక్కుతుంది. తల తిరుగుడు, వాంతులు, నీరసం. దీన్ని 'పచ్చి పొగాకు జబ్బు' అంటారు. దీని గురించి అమెరికా డాక్టర్లు 1970లోనే రాశారు. మన ప్రకాశం జిల్లాలో పొగాకు కోసే ఎందరికి ఈ పేరు తెలుసు? వాళ్ళకు తెలిసింది "పైత్యం" అన్న మాటొక్కటే.

పసిపిల్లల సంగతి ఇంకా దారుణం. బరువుతో పోల్చి చూస్తే పిల్లల ఒంటి మీద చర్మం పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. ఒకే కొలత మందు పడినా చిన్న ఒంటికి పెద్ద దెబ్బ. గద్వాల, కర్నూలు వైపు విత్తన పత్తి చేలల్లో పూలు దాటించే పనికి చిన్నపిల్లల్ని తెచ్చుకున్న చరిత్ర మనకు తెలిసిందే. వాళ్ళు నిలబడింది కూడా మందు కొట్టిన చేలల్లోనే.

లోపలికి పోయి ఏం చేస్తుంది

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పేర్లు విన్నారు గదా. వీటిది ఒకటే కులం. నరం నుంచి కండరానికి కబురు మోసే పదార్థం ఒకటి ఒంట్లో వుంటుంది. కబురు అందగానే దాన్ని తుడిచేసే రసాయనం ఇంకొకటి వుంటుంది. ఈ మందులు ఆ తుడిచేదాన్ని కట్టేస్తాయి. దాంతో కబురు ఆగదు. చెమట, చొంగ, కన్నీళ్ళు కారతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకబారుతుంది. వాంతులు, విరేచనాలు, కండరాల అదురు, చివరికి ఊపిరి ఆడకపోవటం.

కట్టుబడిన ఆ రసాయనం మళ్ళీ ఒంట్లో పూర్తిగా తయారు కావటానికి వారాలు పడుతుంది. అందుచేత వారానికి మూడు రోజులు మందు కొట్టేవాడికి మొదటి రోజు ఏమీ కాకపోవచ్చు. పదో రోజు కొంచెం పడినా కూలిపోతాడు. "నిన్నటిదాకా బాగానే కొట్టాడు గదా, ఇవాళేమైంది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

పడిపోయినప్పుడు చెయ్యాల్సింది అందరూ గుర్తు పెట్టుకోవాలి. ముందు మనిషిని చేలోంచి బయటికి తెచ్చి మందు తడిసిన బట్టలన్నీ విప్పెయ్యాలి. సబ్బు వేసి నీళ్ళు ధారగా పోసి ఒళ్ళంతా కడగాలి. తల, చంకలు, గజ్జలు, గోళ్ళ సందులు మరవగూడదు. కడిగేవాళ్ళు తమ చేతులకు మందు అంటకుండా చూసుకోవాలి. కిరసనాయిలుతో తుడవగూడదు, అది మందును ఇంకా లోపలికి తోస్తుంది. మందు డబ్బాను చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. అట్రోపిన్ ఇంజక్షను ఈ జాతి మందులకు విరుగుడు. ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఆ పని తొందరగా చెయ్యగలడు. కలుపుమందుల్లో పారాక్వాట్ లాంటి వాటికి అసలు విరుగుడే లేదు. గాయం పడిన తోలు గుండా పోయినా ప్రాణం తీస్తుంది.

"వాళ్ళు జాగ్రత్తలు తీసుకోరండీ"

ప్రమాదం జరిగినప్పుడల్లా వ్యవసాయశాఖ అధికారులూ, కంపెనీ ప్రతినిధులూ, డీలర్లూ చెప్పే మాట ఒకటే: కూలీలకు తెలివి లేదు, జాగ్రత్తలు తీసుకోరు. ఈ మాటను ఒప్పుకోటానికి వీల్లేదు.

1971 నిబంధనలు చూడండి. మందుతో పనిచేసే వాళ్ళకు విషం చొచ్చుకుపోకుండా అడ్డుకునే గుడ్డతో బట్టలు, చేతి తొడుగులు, బూట్లు యివ్వాలని అందులో వుంది. వైద్య పరీక్షలు చేయించాలనీ వుంది. విషం తీవ్రతను బట్టి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు వెయ్యాలన్నారు. ఆ రంగుల లెక్కలో రెండు వరసలు పెట్టారు. ఒకటి నోటి దారిది, రెండోది చర్మం దారిది. ప్రయోగం చేసిన జంతువుల్లో సగం చావటానికి కిలో బరువుకు నోటి గుండా 50 మిల్లీగ్రాముల లోపు, లేదా చర్మం గుండా 200 మిల్లీగ్రాముల లోపు చాలితే అది ఎర్ర గుర్తు మందు. అంటే తోలు గుండా మనిషి చస్తాడని సర్కారుకు 1971 నుంచీ తెలుసు. తెలిసిన మాట కాయితం మీద దాచిపెట్టి, తెలియనివ్వని వాణ్ణి తెలివిలేనివాడంటున్నారు.

సరే, ఆ బట్టలు ఎవరు యివ్వాలి? ఎకరం రెండెకరాలు కౌలు చేసే రైతు యివ్వలేడు. యిచ్చినా, మన ఎండల్లో రబ్బరు బట్టలు వేసుకుని పూటంతా పంపు మొయ్యటం ఎవరి తరం? ఈ మాట నేనొక్కణ్ణే అనటం లేదు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒప్పుకున్న పురుగుమందుల నియమావళిలోనే వుంది. వేసుకోటానికి యిబ్బందిగా వుండే, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ దుస్తులు లేనిదే వాడకూడని మందులను, ముఖ్యంగా వేడి ప్రాంతాల్లోని చిన్న రైతులూ కూలీల విషయంలో, వాడకుండా వుండాలని దాని సారాంశం. అంటే తప్పు తొడుగు వేసుకోని చేతిది కాదు. తొడుగు లేకుండా ముట్టుకోగూడని మందును తొడుగు వేసుకోలేని మనుషుల మధ్య అమ్ముకుంటున్న వాడిది.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో ఏం జరిగింది? పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది. కొట్టిన మందు మళ్ళీ కొట్టేవాడి మీదే పడింది. అప్పుడు కూడా మొదట వచ్చిన మాట కూలీల అజాగ్రత్తే.

నిషేధాలు రాలేదని కాదు. వస్తున్నాయి, నత్తనడకన. మిథైల్ పారాథియాన్‌ను 2018లో, ఫోరేట్, ట్రైజోఫాస్ వంటి వాటిని 2020 ఆఖరుతో నిలిపారు. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయలకు వాడొద్దన్నారు. పత్తికి మాత్రం వదిలేశారు. పత్తిని ఎవరూ తినరు గదా! తినేవాడి నోరు గుర్తొచ్చింది గానీ కొట్టేవాడి తోలు గుర్తు రాలేదు. దాని ప్రధానమైన ద్రవ రూపాన్ని ఆపాలని ఉత్తర్వు రావటానికి 2023 దాకా పట్టింది. అప్పుడు కూడా వున్న సరుకు అమ్ముకోటానికి గడువు యిచ్చారు. కంపెనీ గోడౌనులో సరుకు పాడవగూడదు, కూలీ ఒళ్ళు పాడైనా ఫర్వాలేదు!

మందు కూలి అంటే తోలు ఖరీదు

కొందరు మిత్రులు అంటారు: మందు కొట్టే పనికి మామూలు కూలి కన్నా ఎక్కువే యిస్తున్నారు గదా, ఇంకొంచెం పెంచమని అడుగుదాం అని. కూలి పెంచమనాల్సిందే. కానీ ప్రమాదాన్ని కూలితో సరిపెట్టుకోగూడదు. ఎక్కువ యిచ్చే ఆ వందా రెండొందలకు మనం అమ్ముతున్నది శ్రమను కాదు, తోలును. శ్రమ రాత్రి నిద్రపోతే మళ్ళీ వస్తుంది. పాడైన నరం తిరిగి రాదు. పైగా ఎక్కువ కూలి ఆశకు మందు పనికి పొయ్యేది ఎవరు? అప్పుల్లో వున్నవాళ్ళు, దళితులు, వలస వచ్చినవాళ్ళు. ప్రమాదానికి ధర కడితే అది ఎప్పుడూ అందరికన్నా పేదవాడి వీపు మీదికే పోయి చేరుతుంది.

ఇక్కడ కూలీకీ చిన్న రైతుకూ తగాదా పెట్టటం నా వుద్దేశం కాదు. చిన్న రైతు తన చేలో తనే పంపు మోస్తున్నాడు. అతని పెళ్ళామే మందు కలుపుతున్నది, ఆ చొక్కా వుతుకుతున్నది. ఏ మందు కొట్టాలో అతనికి చెప్పేది మందుల కొట్టువాడు. అప్పు యిచ్చేదీ వాడే, పంట కొనేదీ చాలాచోట్ల వాడే. అప్పున్నవాడు వాడు చెప్పిన మందు కాదనలేడు. ఇద్దరి తోలు గుండా పోతున్నది ఒకే కంపెనీ లాభం.

పోరాడితే మారుతుంది

అమెరికాలో కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు సీజర్ చావెజ్ నాయకత్వాన సంఘం పెట్టుకుని 1970లో యజమానులతో చేసుకున్న ఒప్పందాల్లో కూలి రేట్లతో పాటు పురుగుమందుల షరతులు కూడా రాయించారు. డి.డి.టి. లాంటివి తోటల్లో వాడకూడదన్నారు. మందు కొట్టిన తోటలోకి ఎన్ని రోజులకు కూలీల్ని దింపవచ్చో ఆ రాష్ట్రంలో నిబంధనలు వచ్చాయి. ఇలాంటి మందులతో పనిచేసే వాళ్ళకు 1974 నుంచి అక్కడ నెత్తురు పరీక్షలు తప్పనిసరి చేశారు. 1988లో చావెజ్ ఈ మందుల మీదే 36 రోజులు నిరాహారదీక్ష చేశాడు. పురుగుమందును కూలి ఒప్పందంలోకి తేవచ్చని వాళ్ళు చూపించారు.

మన దగ్గర కూడా దారి లేకపోలేదు. ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల, వరంగల్ జిల్లాలోని ఏనబావి గ్రామాల రైతులు పురుగుమందు లేకుండానే పంట తీసి చూపించారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు వాడారు. డబ్బా కొనటం మానితే రైతు అప్పు తగ్గింది, కూలీ ఒళ్ళు నిలిచింది. ఊరంతా ఒక్కమాట మీద వుంటేనే అది సాధ్యమైంది.

కాబట్టి ఈ పంటకాలంలో ప్రతి గ్రామంలో కూలిరేట్ల బేరం జరిగేటప్పుడు ఈ కోరికలు కూడా ముందు పెట్టాలి:

1. ఎర్ర గుర్తు, పసుపు గుర్తు మందులను చేతిపంపుతో కొట్టించటం మానాలి. ప్రభుత్వం వాటి అమ్మకాన్నే ఆపాలి.

2. కారే పంపు ఎవరి వీపుకూ ఎక్కించగూడదు. పంపు బాగుచెయ్యటం పని పెట్టేవాడి బాధ్యత.

3. మందు కొట్టే ప్రతి చేలో రెండు బిందెల నీళ్ళు, సబ్బు, మార్చుకోటానికి పొడి బట్టలు వుండాలి. కడుక్కునే సమయం కూడా పని సమయమే.

4. మందు కొట్టిన చేను గట్టు మీద జెండా పాతాలి. గడువు తీరేదాకా కలుపుకూ కోతకూ ఎవర్నీ దింపగూడదు. పిల్లల్నీ, గర్భిణుల్నీ, పాలిచ్చే తల్లుల్నీ ఆ ఛాయలకు రానివ్వగూడదు.

5. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ నిలవ వుండాలి. మందు పని చేసేవాళ్ళకు పంటకాలానికి ముందూ మధ్యలో నెత్తురు పరీక్ష వుచితంగా చెయ్యాలి.

6. మందు కొడుతూ చనిపోయిన వారి కేసును ఆత్మహత్యగా రాసెయ్యటం ఆపాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలోనే పురుగుమందు కొట్టే పనివాళ్ళను చేర్చారు. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. పేరు మారినా ఆ హక్కు కూలీ కుటుంబానికి చేతికందాలి.

వీటిలో రెండు, మూడు, నాలుగు కోరికలకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, హైదరాబాదూ అమరావతీ కూడా అక్కర్లేదు. రచ్చబండ దగ్గర కూర్చుని తేల్చుకోవచ్చు. పదిమంది కూలీలు ఒక్కమాటగా "కారే పంపు మొయ్యం, సబ్బూ నీళ్ళూ లేని చేలో దిగం" అంటే చాలు, మర్నాటికి సబ్బు వస్తుంది. మిగతా మూడింటికి పెద్ద పోరాటం కావాలి. ఆ పోరాటానికి మనుషులు తయారయ్యేది ఈ చిన్న బేరాల్లోనే.